శుభ్రం చేసేవాళ్లూ, శుభ్రంగా ఉండేవాళ్లూ

శుభ్రత సుగుణమని అందరూ ఒప్పుకుంటారు. ఆస్తికులూ ఒప్పుకుంటారు, నాస్తికులూ ఒప్పుకుంటారు. పసిపిల్లల వాచకాల్లో సత్యం పలకటం, పెద్దలను గౌరవించటం పక్కనే దానికీ ఒక పాఠం ఉంటుంది. ఐతే మిగిలిన సుగుణాలకూ దీనికీ ఒక తేడా ఉంది. సత్యం పలికేవాణ్ణి సత్యవంతుడంటాం. దానం చేసేవాణ్ణి దాత అంటాం. చేత ఎవరిదో పేరు కూడా వారిదే. శుభ్రత దగ్గరికి వచ్చేసరికి ఈ న్యాయం తలకిందులవుతుంది. మురికి చేసేవాడు శుభ్రమైనవాడుగా చెలామణీ అవుతాడు. దాన్ని తీసి శుభ్రం చేసేవాడు మురికివాడవుతాడు.

మన దేశంలోని అనేక విడ్డూరాల్లో ఇదొకటని నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని నీతి దృష్టితో చూస్తే ఇది నవ్వుకుని ఊరుకునే విషయం కాదు. ఒక గుణాన్ని ఆచరించే శ్రమ ఒకరిది, ఆ గుణంవల్ల వచ్చే గౌరవం మరొకరిది అయినప్పుడు ఆ గుణం నిజంగా ఎవరిది? పొలం దున్నేది ఒకరు, పంట అనుభవించేది మరొకరు అయితే దాన్ని దోపిడీ అని పిలవటం మనం నేర్చుకున్నాం. గౌరవం విషయంలో అదే జరిగితే దానికింకా పేరు పెట్టలేదు. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఈ సంగతినే.

ఇళ్లలో ఈ ప్రశ్న స్పష్టంగా కనబడదు. ఇంట్లో ఊడ్చేదీ, కడిగేదీ, ఉతికేదీ స్త్రీ. ఆ శ్రమను మనం శ్రమ అనం. ప్రేమ అంటాం, ఇల్లాలి ధర్మం అంటాం. అనుబంధాల తెరచాటున శ్రమ మరుగుపడుతుంది. లాడ్జీలోనో, సత్రంలోనో, బస్టాండులోనో, ఆసుపత్రిలోనో ఈ తెర లేదు. అక్కడ ఒకరి మురికిని మరొకరు తీస్తారు. ఇద్దరికీ ముఖపరిచయం ఉండదు, చుట్టరికం ఉండదు. ఒకరు డబ్బిస్తారు, మరొకరు కూలి తీసుకుంటారు. సంబంధం నగ్నంగా ఉంటుంది గనక, పరిశీలనకు అదే మంచి చోటు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం ఇటువంటి పరిశీలనకు మరీ అనుకూలం. అహోబిలానికి పోయేవాళ్లు ఆళ్లగడ్డలో దిగుతారు. మహానందికీ, శ్రీశైలానికీ పోయేవాళ్లు నంద్యాలలో దిగుతారు. శివరాత్రికీ, ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలకూ వచ్చే జనానికి లెక్క ఉండదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. దాంతో ఆఫీసు పనులమీద వచ్చేవాళ్లు కూడా తోడయ్యారు. ఇంతమంది పరాయివాళ్లు వచ్చి పడుకుని, స్నానాలు చేసి, తిని, లేచి పోవటానికి కావలసిన ఏర్పాటు ఈ ఊళ్ల బ్రతుకులో ఒక ముఖ్యభాగం.

ఇది నిన్నటిది కాదు. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే హైదరాబాదు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన యాత్రా చరిత్ర చదివితే, ప్రతి మజిలీలోనూ నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగటానికి చోటుందా అన్నవి ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో తెలుస్తుంది. ఆనాడు బాటసారికి వసతి కల్పించటం పుణ్యకార్యం. ధనికులు సత్రాలు కట్టించారు, చెరువులు తవ్వించారు, చలివేంద్రాలు పెట్టించారు. ఆ పుణ్యం కట్టించినవాడి ఖాతాలో పడింది. ఆ సత్రాన్ని రోజూ ఊడ్చినవాడికి అందులో వాటా ఉన్నట్టు ఏ పురాణమూ చెప్పినట్టు లేదు. పైగా ఆ సత్రాలు చాలావరకు కులసత్రాలు. ఈనాటికీ మన యాత్రాస్థలాల్లో ఏ కులానికాకులం సత్రాలున్నాయి. వాటిలో దిగటానికి కులం చూస్తారు. వాటిని శుభ్రం చెయ్యటానికీ కులమే చూస్తారు. కాకపోతే అది వేరే కులం.

లాడ్జి వచ్చి ఈ పద్ధతిని కొంత దెబ్బతీసింది. డబ్బిచ్చినవాడికి గది. ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడటం చరిత్ర తెలియనివాళ్ల పని. పెట్టుబడిదారీ విధానం సత్రం తలుపు దగ్గర కులాన్ని అడగటం మాని జేబును అడిగింది. జేబు ఖాళీగా ఉన్నవాడికి ఇదీ అన్యాయమే. కాని పుట్టుకను మార్చుకోలేనివాడికి ఇది ఒక అడుగు ముందుకే. కాఫీ హోటళ్లలో కులాన్నిబట్టి వేరువేరు చోట్లు చూపించిన రోజులు మన తాతలకు తెలుసు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలనూ, హోటళ్లనూ, బావులనూ, స్నానఘట్టాలనూ పేరుపేరునా చెప్పి, అక్కడ కులాన్నిబట్టి ఎవరినీ అడ్డగించరాదన్నది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి శిక్షాస్మృతి కూడా ఏర్పడింది.

ఐతే రాజ్యాంగం తెరిచింది హోటలు ముందు తలుపు. ఆ తలుపులోంచి లోపలికి రావటానికి అందరికీ హక్కు వచ్చింది. ఆ హోటలుకు వెనక తలుపు కూడా ఒకటుంది. చీపురూ బకెట్టూ పట్టుకుని అందులోంచి వచ్చేవాళ్లు ఎవరు? వాళ్లు ఏ కులాలనుంచి వచ్చారు? డెబ్బై ఐదేళ్లలో ముందు తలుపులో వచ్చిన మార్పు వెనక తలుపులో ఎంతవరకు వచ్చింది? ఈ ప్రశ్నలు వేసుకోకుండా సమానత్వాన్ని గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

ఇక్కడ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాను. ఒకటి 1867లో బ్రిటిషు ప్రభుత్వం ఇండియాలో చేసిన సరాయీల చట్టం. సరాయి నడిపేవాడు ఏమేమి చెయ్యాలో అందులో వరసగా ఉంది. గదులూ, వరండాలూ, కాలువలూ శుభ్రం చేయించాలి. నీళ్లు తోడుకునే బావులూ చెరువులూ శుభ్రంగా ఉంచాలి. గోడలూ కప్పులూ మరమ్మతు చేయించాలి. దొంగలు ఎక్కి రావటానికి వీలైన చెట్టుకొమ్మలు కొట్టించాలి. తగినంతమంది కావలివాళ్లను పెట్టాలి. అంటురోగం వస్తే పోలీసు ఠాణాకు కబురు చెయ్యాలి. ధరల పట్టిక అందరికీ కనబడేటట్టు తగిలించాలి. బాటసారికి హాని కలిగించే చెట్టుకొమ్మ కూడా శాసనకర్త దృష్టిలో పడింది. కాని ఆ గదులు కడిగే మనిషి పడలేదు. ఆమెకేం ఇవ్వాలి, ఆమె ఎక్కడుండాలి, ఆమెకు జబ్బు చేస్తే ఎవరు చూడాలి అన్న ప్రశ్నలు అందులో లేవు. గదులు వాటంతటవే శుభ్రపడుతున్నట్టు ఉంటుంది చట్టం.

రెండో పుస్తకం మార్క్సు రచించిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం. అది కూడా 1867లోనే వెలువడింది. సరుకు మన కళ్లముందు ఉన్నప్పుడు దాని వెనక ఉన్న మనుషుల సంబంధం మాయమై, వస్తువులకే ఏవో స్వంత గుణాలున్నట్టు కనబడుతుందని మార్క్సు వివరించాడు. లాడ్జీ గదిలో పరిచిన తెల్లని దుప్పటి దీనికి చక్కని ఉదాహరణ. గదిలో అడుగుపెట్టినవాడు ‘దుప్పటి తెల్లగా ఉంది’ అంటాడు. తెల్లదనం దుప్పటి గుణం అయిపోయింది. ఆ తెల్లదనం ఏ చేతుల్లోంచి వచ్చింది, ఆ చేతులు ఎలా ఉన్నాయి అన్నది ఎవరికీ తట్టదు. ఒక్క మరక కనబడిందనుకోండి, వెంటనే మనిషి గుర్తుకొస్తుంది. ‘ఎవరది ఈ గది ఊడ్చింది?’ అని కేకేస్తాడు. పని సరిగా జరిగినంతకాలం మనిషి లేదు. తప్పు జరిగినప్పుడు మాత్రం ఆమె ప్రత్యక్షమవుతుంది.

రెండేళ్లనాడు అహోబిలం పోతూ మేం ఆళ్లగడ్డలో ఒక చిన్న లాడ్జీలో దిగాం. పొద్దున్నే మా పక్కగది బాత్రూము కడుగుతున్న ఆమె చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ బయటికి వచ్చింది. లోపలినుంచి ఘాటైన వాసన. ఏం పోశావమ్మా అని అడిగాను.

“యాసిడ్డూ, బ్లీచింగు పొడీ సార్. రెండూ కలిపితేనే మరక పోతాది. వాసన గొంతులో పట్టుకుంటాది. రోంతసేపు బయట నిలబడి మళ్లా పోతా.”

“ఆ రెండూ కలపగూడదమ్మా. అది విషం.”

“సీసా మీద రాసుంటారేమో సార్, నాకు సదువు రాదు. మరక కనబడితే మాత్రం ఓనరు సదువుతాడు.”

బ్లీచింగు పొడి మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన విషవాయువు అదే. గాలి ఆడని నాలుగడుగుల బాత్రూములో ఒక స్త్రీ దాన్ని రోజూ పీలుస్తున్నది. తరవాత ఆమె నా భార్యతో మాటల్లో మరొక సంగతి చెప్పిందట. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా అన్ని గదుల మరుగుదొడ్లూ కడుగుతుంది కాని, అవసరమైతే వాటిలో ఒక్కటీ ఆమె వాడుకోవటానికి వీలులేదు. “అవి గెస్టులవి గదమ్మా” అన్నదట. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఆవును ఆవు అన్నంత సహజంగా అన్నది. అణచివేతలన్నిట్లోకీ స్థిరమైనది ఇదే: అణగినవారికి కూడా సహజంగా తోచేది.

దీనికి మూలం మనం శుభ్రత అనే మాటతో రెండు వేరువేరు విషయాలను కలిపి చెప్పటంలో ఉంది. ఒకటి మడి. రెండోది శుభ్రత. మడి ‘ఎవరు తాకారు?’ అని అడుగుతుంది. శుభ్రత ‘ఏది తాకింది?’ అని అడుగుతుంది. మడికి మనిషి పుట్టుక కావాలి. శుభ్రతకు సూక్ష్మక్రిమి కావాలి. మొదటిది మనుషులను విడదీస్తుంది. రెండోది మనుషులందరూ ఒకే గాలి, ఒకే నీరు మీద బతుకుతున్నారని గుర్తుచేస్తుంది.

ఈ తేడా ఐరోపాలో కూడా సులభంగా తేలలేదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక విచిత్రం గమనించాడు. మంత్రసానులు పురుడు పోసే వార్డులో కంటే, డాక్టర్లూ వైద్యవిద్యార్థులూ పురుడు పోసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు బాలింతలను తాకుతున్నారని ఆయన కనిపెట్టాడు. క్లోరిన్ కలిపిన సున్నపునీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. చావులు గణనీయంగా తగ్గాయి. ఐనా తోటి డాక్టర్లలో చాలామంది ఆయన సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. తమవంటి పెద్దమనుషుల చేతులు మృత్యువును మోస్తాయని ఒప్పుకోవటం వారికి కష్టమైంది. వర్గగౌరవం శాస్త్రానికి అడ్డం వచ్చింది. ఆనాడు డాక్టర్ల చేతులను శుద్ధిచేసినదీ, ఈనాడు ఆళ్లగడ్డ లాడ్జీలో ఆ స్త్రీ చేతులను పుళ్లు చేస్తున్నదీ ఇంచుమించు ఒకే పదార్థం. శాస్త్రం ఒకటే. ఐతే దాన్ని వాడే మనిషికి ఆ శాస్త్రం తెలియనిచ్చారా, తొడుగు ఇచ్చారా, గాలీ వ్యవధీ ఇచ్చారా అన్నదాన్నిబట్టి అది ఒకచోట రక్షణ, ఒకచోట హింస అవుతుంది.

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు వినబడతాయి. మూడూ వేరువేరు దిక్కులనుంచి వస్తాయి గనక విడివిడిగా చూడాలి.

మొదటి ఆక్షేపణ మార్కెట్టువాదులది. ‘ఇది ఒప్పందం. ఇష్టమైతే చేస్తారు, లేకపోతే మానేస్తారు. బలవంతం ఎవరు చేశారు?’ అంటారు. నిజంగా ఇది ఇష్టాయిష్టాల ఒప్పందమే ఐతే ఈ పని చేసేవాళ్లు అన్ని కులాలనుంచీ వచ్చి ఉండాలి గదా? బెంగుళూరు నగరంలో వీధులు ఊడ్చే పౌరకార్మికులలో పెద్దభాగం తెలుగు మాట్లాడే దళితులు. తమిళనాడులో తరతరాలుగా పారిశుద్ధ్యపు పనిలో ఉన్న అరుంధతీయుల ఇళ్లలో కూడా తెలుగు వినబడుతుంది. భాష దాటారు, రాష్ట్రం దాటారు, తరాలు దాటారు. చీపురును మాత్రం దాటలేకపోయారు. కులవ్యవస్థ శ్రమ విభజన మాత్రమే కాదనీ, శ్రామికులనే విభజిస్తుందనీ అంబేడ్కరు 1936లో వాదించింది ఇందుకే. మార్కెట్టు కులాన్ని కరిగిస్తుందని నమ్మేవాళ్లు ఈ వెనక తలుపు దగ్గర ఒక పూట నిలబడి చూస్తే చాలు.

రెండో ఆక్షేపణ గాంధేయులది. ‘ఏ పనీ నీచం కాదు. పాకీపని తల్లి బిడ్డకు చేసే సేవవంటిది. ఎవరి మురికి వారు తీసుకుంటే సమస్యే ఉండదు’ అంటారు. గాంధీ 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్లినప్పుడు చీపురు అడిగి తీసుకుని తానే మరుగుదొడ్డి శుభ్రం చేశాడు. ఆ మహాసభలోని పెద్దలెవరికీ తోచని పని అది. దాని నైతికశక్తిని కాదనటం మూర్ఖత్వం. కాని ఆయన చేసింది వ్రతం. పాకీవాడు చేసేది బ్రతుకుతెరువు. వ్రతం పట్టినవాడు దాన్ని విడిచిపెట్టగలడు. విడిచిపెట్టగలిగినవాడికే అందులో గౌరవం కనబడుతుంది. పనిని పొగడటంవల్ల పనివాడికి ఒరిగేదేమీ లేదనీ, ఆ పొగడ్త అతన్ని ఆ పనికే కట్టివేసే తాడు అవుతుందనీ అంబేడ్కరు చేసిన విమర్శకు నేటికీ సరైన జవాబు రాలేదు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్ కార్యక్రమానికి గాంధీ కళ్లజోడు గుర్తయింది. ప్రముఖులు కొత్త చీపుర్లతో ఫోటోలు దిగారు. ఫోటోలో చీపురు కనబడింది. రోజూ దాన్ని పట్టే చెయ్యి కనబడలేదు.

మూడో ఆక్షేపణ మన శిబిరంలోనిదే. ‘యంత్రాలు వస్తాయి. సోషలిజం వస్తుంది. అప్పుడు ఈ ప్రశ్నే ఉండదు’ అని కొందరు విద్యార్థి మిత్రులు అంటారు. అభ్యుదయ రచయితల ఉద్యమానికి ఆద్యులలో ఒకడైన ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో ‘అన్‌టచబుల్’ నవల ప్రచురించాడు. బఖా అనే పాకీ యువకుడి ఒక్కరోజు జీవితం అది. చివర బఖా ముందు మూడు దారులు కనబడతాయి: మతం మారటం, గాంధీ బోధ, మలాన్ని నీళ్లతో కొట్టుకుపోనిచ్చే కొత్త మరుగుదొడ్డి. ఆ మూడో దారి మీద ఆనాటి అభ్యుదయవాదులకు ఎంతో ఆశ ఉండేది. ఆ మరుగుదొడ్డి వచ్చింది. నంద్యాలలోనూ, ఆళ్లగడ్డలోనూ ప్రతి లాడ్జీ గదికీ వచ్చింది. దాని కింద సెప్టిక్ ట్యాంకు కూడా వచ్చింది. బఖా వారసులు నెత్తిమీది తట్ట దించి ఆ ట్యాంకులోకి దిగారు. యంత్రం రావటమూ, యంత్రం ఎవరికోసం వచ్చింది అన్నదీ రెండు ప్రశ్నలు. యంత్రం ఖరీదు కంటే మనిషి ఖరీదు తక్కువగా ఉన్నంతకాలం యజమాని మనిషినే దింపుతాడు. ఇది దుర్మార్గుడైన యజమాని కథ కాదు. లెక్క తెలిసిన యజమాని కథ.

ఈ లెక్క ఫలితాలు కళ్లముందున్నాయి. 2015 నవంబరులో కోజికోడులో మ్యాన్‌హోలు శుభ్రం చెయ్యటానికి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు ఊపిరాడక పడిపోయారు. వాళ్లను కాపాడాలని ఒక స్థానిక ఆటో డ్రైవరు దూకాడు. ముగ్గురూ చనిపోయారు. 2018లో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో ఒక కోళ్ల పరిశ్రమ ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. 2019 జూన్‌లో గుజరాత్‌లోని డభోయి దగ్గర ఒక హోటలు సెప్టిక్ ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. వాళ్లలో నలుగురు శుభ్రం చేయటానికి వచ్చినవాళ్లు, ముగ్గురు ఆ హోటల్లోనే పనిచేసేవాళ్లు. ఇటువంటి చావులన్నీ ఇంచుమించు ఒకే తీరున జరుగుతాయి. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు చేరి ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది గదా అని మనిషి దిగుతాడు. అతను పడిపోతే రెండోవాడు దిగుతాడు, తరవాత మూడోవాడు. పైనున్నవాళ్లకు తాడు లేదు, గాలిబుడ్డి లేదు. ఉన్నదల్లా తోటిమనిషి మీద మమకారం ఒక్కటే. ఆ మమకారమే వాళ్లను చంపుతుంది. మన సంఘంలో అత్యున్నతమైన నీతి మురుగుగుంటలో చచ్చిపోతున్నదని చెప్పటం అలంకారం కాదు.

చట్టం లేక ఇలా జరుగుతున్నదా? కాదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపితే మొదటి నేరానికే రెండేళ్లదాకా ఖైదు, రెండు లక్షలదాకా జరిమానా. కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులూ నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ కోర్టులో పోరాడింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఇటువంటి ప్రతి చావుకూ పది లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది. ఇవి పోరాడి సాధించుకున్నవే, చిన్నవి కావు. కాని పరిహారం చావు తరవాతి మాట. చావుకు ముందు ఇవ్వవలసిన హక్కు ఒకటుంది: ‘నేను దిగను’ అనే హక్కు. అది కూలి పోతుందనే భయం లేకుండా అనగలిగితేనే హక్కు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో వృత్తిభద్రతకు ఒక స్మృతి ఉంది. అది సాధారణంగా పది మందీ అంతకు పైనా పనిచేసేచోట్లకు వర్తిస్తుంది. ఆళ్లగడ్డలో చిన్న లాడ్జీ అంటే ఒక మేనేజరు, ఇద్దరు రూమ్ బాయ్‌లు, ఊడ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు. సంఖ్య తక్కువైనందువల్ల క్లోరిన్ తక్కువ విషం అవుతుందా?

ఇక్కడ ‘ఇదంతా కార్మికుల సమస్య. మాకు కావలసింది శుభ్రమైన గది, క్షేమమైన రాత్రి’ అనేవాడికి కూడా ఒక మాట చెప్పాలి. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో మంటలు లేచి పది మంది చనిపోయారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటలు భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పై అంతస్తులకెక్కి ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ చనిపోయింది ముందు తలుపులోంచి వచ్చినవాళ్లు. ఏ భవనంలోనైనా ఏ మెట్లకు అడ్డంగా అట్టపెట్టెలు పేర్చారో, ఏ తలుపుకు బయటినుంచి తాళం పడిందో, ఏ గదిలో స్విచ్చి ముట్టుకుంటే జిల్లుమంటుందో మొదట తెలిసేది ఎవరికి? రోజూ ఆ మెట్లు ఊడ్చే మనిషికి. తనిఖీ అధికారి ఏడాదికొకసారి వస్తాడు. ఆమె ఏడాది పొడుగునా వస్తుంది. కాని ఆమెను ఎవరూ అడగరు. అడగకుండా చెబితే అధికప్రసంగం. ఒక మనిషి నోరు నొక్కిన ఫలితంగా ఆ మనిషికే కాదు, ఆ కప్పు కింద పడుకున్న అందరికీ ప్రమాదం వస్తుంది. క్షేమం గదులవారీగా అమ్ముకునే సరుకు కాదు. అది అందరికీ ఉంటుంది, లేకపోతే ఎవరికీ ఉండదు.

మనం ఈ శ్రమను చూడలేకపోవటానికి ఇంకొక కారణం ఉంది. అది ఈ శ్రమ స్వభావంలోనే ఉంది. ఆళ్లగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. రోడ్డుపక్కన పాకల్లో ఉలిచప్పుడు వినబడుతుంది. శిల్పి పదిరోజులు చెక్కితే ఒక విగ్రహం మిగులుతుంది. అతను పోయాక కూడా అది ఉంటుంది. ఊడ్చే స్త్రీ పదేళ్లు ఊడ్చినా చూపించటానికి ఏమీ మిగలదు. ఆమె పని సఫలమైతే అక్కడ ఏదీ కనబడకూడదు. కనబడే వస్తువును సృష్టించేదే గొప్ప శ్రమ అనుకునే అలవాటు మన సౌందర్యశాస్త్రానికి కూడా ఉంది. శిల్పి ముక్కులోకి పోయే రాతిధూళిని కూడా ఆ సౌందర్యశాస్త్రం పట్టించుకోదనుకోండి. లోకం ప్రతిరోజూ కొంచెం కొంచెం పాడవుతుంటుంది. పాడవుతున్నదాన్ని ప్రతిరోజూ తిరిగి నిలబెట్టేవాళ్లు లేకపోతే శిల్పి విగ్రహానికి నిలవటానికి చోటే ఉండదు. తకళి శివశంకర పిళ్లై 1947లోనే మలయాళంలో పాకీవాళ్ల మూడు తరాల కథను నవలగా రాశాడు. మన అభ్యుదయ రచయితలు రైతును చూశారు, మిల్లు కార్మికుణ్ణి చూశారు. లాడ్జీ వెనక తలుపు దగ్గర నిలబడిన స్త్రీ వంతు కూడా రావాలి.

ఐతే చెయ్యవలసిందేమిటి? నీతిని గురించి రాసే వ్యాసం ఉపదేశంతో ముగిస్తే తృప్తిగా ఉంటుంది గాని ఉపయోగం ఉండదు. కొన్ని స్పష్టమైన విషయాలున్నాయి. యాసిడ్డూ బ్లీచింగూ కలపరాదని వాడే మనిషికి నోటితో చెప్పాలి, చేతితొడుగులివ్వాలి, బాత్రూముకు గాలి రానివ్వాలి. ఆమె కడిగే మరుగుదొడ్డి ఆమె కూడా వాడుకునేదై ఉండాలి. ట్యాంకులోకి మనిషి దిగరాదు. దింపినవాడు జైలుకు పోవాలి. మెట్లూ తలుపులూ ఎలా ఉన్నాయో ఊడ్చేవాళ్లను అడిగి రాసుకోవాలి. ఆమె ఇది ప్రమాదం అన్న చోట పని ఆగాలి. వీటిలో ఏదీ విప్లవం దాకా ఆగవలసింది కాదు. దేవస్థానం సత్రాలనూ, బస్టాండునూ, ఆసుపత్రినీ, మన కాలేజీ హాస్టళ్లనూ ఈ రోజే అడగవచ్చు.

కాని ఎవరు అడగాలి? మనం వాళ్ల తరఫున అడిగితే అది మళ్లీ దయ అవుతుంది. 2022 జూలైలో మన రాష్ట్రంలో మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. నెలకు ఆరువేల రూపాయల ఆరోగ్యభత్యాన్ని నిలుపుకోవటం వాళ్ల ముఖ్యమైన కోరికల్లో ఒకటి. 2023 డిసెంబరులో మళ్లీ చేశారు. ఆ రోజుల్లో చెత్త కుప్పలుపడితే పట్టణవాసులు ‘కంపు’ అని విసుక్కున్నారు. ఆ కంపు వాళ్లు తెచ్చింది కాదు; మనది. ప్రతిరోజూ వాళ్లు మన కళ్లకు కనబడకుండా మోసుకుపోతున్నది ఆ రోజుల్లో మన గుమ్మంలోనే మిగిలిపోయింది. సమ్మె చేసినప్పుడే వాళ్లు మనకు కనబడ్డారు. మునిసిపాలిటీలో సంఘం ఉంది గనక వాళ్లు ఆ పని చెయ్యగలిగారు. లాడ్జీల్లో, సత్రాల్లో పనిచేసేవాళ్లకు చాలాచోట్ల సంఘం లేదు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ చెయ్యగలిగిన నిజమైన సహాయం ఆ సంఘం ఏర్పడటానికి తోడునిలవటం. ఏర్పడ్డాక దాని పెత్తనం తమ చేతుల్లోకి తీసుకోకుండా ఉండటం.

మహానంది కోనేరును చూడనివాళ్లు ఈ ప్రాంతంలో ఉండరు. నిలువెత్తు నీళ్లలో అడుగున పడిన నాణెం కనబడుతుంది. ఆ నీళ్లు అంత తేటగా ఉండటానికి కారణం దైవమహిమ అని భక్తులంటారు. కళ్లముందున్న కారణం వేరే. ఊట నిరంతరం లోపలికి వస్తుంది, నిరంతరం బయటికి పోయి పొలాలకు పారుతుంది. గోడకట్టి నిలవేసుకున్న నీళ్లు కావవి. మడి అనేది నిలవనీరు వంటిది; తన మురికిని ఇంకొకరి మీదికి నెట్టి తాను శుభ్రమనుకుంటుంది. నిజమైన శుభ్రత, మన గదిలోంచి బయటికి పోయింది ఎక్కడికి పోతున్నదీ, ఎవరి చేతులమీదుగా పోతున్నదీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ లెక్క చూడనంతకాలం మనం శుభ్రంగా కనబడగలం గాని, శుభ్రమైనవాళ్లం అనిపించుకోలేం.